పేరు లేని నక్షలు

పాత కరీంనగర్ జిల్లాలో పేరున్న మనుషులకు కొదువ లేదు. మన పక్కనున్న వంగర నుంచి వెళ్ళిన పి.వి. నరసింహారావు గారు 1991 నుంచి 1996 దాకా దేశానికి ప్రధానమంత్రిగా ఉన్నారు. హనుమాజీపేట నుంచి వెళ్ళిన సి. నారాయణరెడ్డి గారు 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు. అటువంటి పెద్దల గురించి మన సావనీరులో ఎవరో ఒకరు ఏటేటా రాస్తూనే ఉంటారు. రాయవలసిందే. ఈసారి విద్యార్థి సంఘం మిత్రులు పూర్వ విద్యార్థినైన నన్ను కూడా ఒక వ్యాసం అడిగారు. పేరు ఎక్కడా కనబడని ఒక మనిషి గురించి రాస్తానన్నాను. వాళ్ళు కాస్త ఆశ్చర్యపడ్డా, కాదనలేదు.

ఆ మనిషి మా పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న. హైదరాబాదులోని ఆల్విన్ కార్ఖానాలో ముప్పై ఒక్క సంవత్సరాలు డ్రాయింగు బల్ల ముందు నిలబడి పనిచేసి, 1987లో రిటైరై, హుజూరాబాదుకు తిరిగి వచ్చి, 2011లో ఇక్కడే కన్నుమూశాడు. ఆయన పేరు ఈ వ్యాసంలో రాయడం లేదు. బతికి ఉంటే ఆయనే వద్దనేవాడు. "పేరెందుకు బిడ్డా, పని చెప్పు" అనడం ఆయనకు అలవాటు.

ఆయన చేసిన ఉద్యోగాన్ని ఈనాడు ఇండస్ట్రియల్ డిజైన్ అంటున్నారు. దానికి ప్రత్యేకంగా కళాశాలలున్నాయి, పోటీ పరీక్షలున్నాయి. ఆయన చేరిననాడు మన దిక్కు ఆ మాట విన్నవాళ్ళు లేరు. డ్రాఫ్ట్స్‌మన్ అనేవాళ్ళు. మా ఊళ్ళో అయితే "నక్షలు గీసే నౌకరి" అనేవాళ్ళు. ఆ మాటే నిజానికి దగ్గరగా ఉందని నాకనిపిస్తుంది.

పెద్దబాపు పుట్టింది 1929లో. నిజాం కాలం గనుక బడిలో చదువంతా ఉర్దూలోనే సాగింది. చివరిదాకా మనసులో లెక్కలు ఉర్దూలోనే వేసుకునేవాడు. డ్రాయింగును నక్ష అనీ, ఫ్యాక్టరీని కార్ఖానా అనీ అనేవాడు. మా తాతది వడ్రంగం, మన మాటలో చెప్పాలంటే వడ్లపని. బండ్లు, నాగళ్ళు, గుంటుకలు చేసేవాడు. నాగలికి మేడి బిగించే ముందు ఆ రైతును పక్కన నిలబెట్టుకుని, ఆయన నడుముకు ఎత్తు సరిచూసేవాడట. పొడుగాయన నాగలి పొట్టాయనకు పనికిరాదు. ఒకరి మేడి ఇంకొకరు పట్టుకుని దున్నితే సాయంత్రానికి నడుము పట్టేస్తుంది.

"మా బాపుకు ప్రతి రైతూ తెలుసు. నేను చేసిన బీరువా కొన్నోన్ని నేను జన్మల చూడలేదు. గదే తేడా" అని పెద్దబాపు ఒకసారి నాతో అన్నాడు. ఇండస్ట్రియల్ డిజైన్ అంటే ఏమిటో ఇంతకంటె సులభంగా చెప్పిన పుస్తకం నాకు కనబడలేదు. ఎప్పుడూ చూడని మనిషి చేతికి సరిపోయేటట్టు వస్తువును ముందుగానే ఊహించి గీయాలి. ఆ చెయ్యి ముసలిదో పసిదో, తడిదో పొడిదో మనకు తెలియదు. ఒక్క మేడి తప్పయితే ఒక్క రైతు నడుము నొస్తుంది. ఒక్క నక్ష తప్పయితే వేల ఇండ్లలో వేలు తెగుతుంది.

ఆల్విన్ గురించి ఇప్పటి విద్యార్థులకు నాలుగు మాటలు చెప్పాలి. హైదరాబాదు సంస్థానంలో పరిశ్రమలు రావాలని నిజాం ప్రభుత్వం పెట్టిన ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండు, అల్లాద్దీన్ కంపెనీ కలిసి 1942లో ఆల్విన్ మెటల్ వర్క్స్‌ను స్థాపించాయి. అది సనత్‌నగర్ దగ్గర పెరిగి పెద్దదయింది. ఇనుప బీరువాలు, కుర్చీలు, బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు అక్కడ తయారయ్యేవి. హైదరాబాదు రోడ్ల మీద తిరిగిన డబుల్ డెక్కర్ బస్సులను తలుచుకుంటే పాతవాళ్ళకు ఆల్విన్ గుర్తొస్తుంది. తరువాత అది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయింది. 1980లలో జపాను సీకో కంపెనీ సహకారంతో చేతి గడియారాలు వచ్చాయి, పుష్పక్ స్కూటర్లు వచ్చాయి, జహీరాబాదులో నిస్సాన్ వాళ్ళతో కలిసి చిన్న లారీలు కూడా తయారయ్యాయి. 1990లలో ఆ సంస్థ కథ ముగిసింది. ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌కు, జహీరాబాదు ఫ్యాక్టరీ మహీంద్రాకు చేరాయి. ఇప్పుడు నగరంలో ఆల్విన్ కాలనీ, ఆల్విన్ చౌరస్తా అనే పేర్లు మిగిలాయి. బస్సులో కండక్టరు ఆ పేరు అరిచినప్పుడు దిగేవాళ్ళలో ఆ పేరెట్లా వచ్చిందో తెలిసినవాళ్ళు ఎంతమందో!

పెద్దబాపు 1956లో అక్కడ చేరాడు. నేను చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో జమ్మికుంటలో రైలెక్కి వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. రెండు గదుల ఇల్లు. పెద్దబాపు, పెద్దమ్మ, ఇద్దరు అక్కలు, ఒక అన్న. సాయంత్రం ఆయన ఇంటికి రాగానే కాళ్ళు చేతులు కడుక్కుని, పొద్దున్నుంచి ఎవరికి ఏ దెబ్బ తగిలిందని అడిగేవాడు. ముందు ఇదేం ప్రశ్న అనుకునేవాణ్ణి. తలుపు సందులో వేలు నలిగిందని అక్క చెబితే ఆ తలుపు దగ్గరికి పోయి, పదిసార్లు తీసి మూసి చూసేవాడు. మరునాడు ఆ సందులో ఒక తోలుముక్క ఉండేది. ఆయనకు ఇల్లూ కార్ఖానా వేరువేరుగా కనబడేవి కావు.

ఆ ఇంట్లో నేను నేర్చుకున్నంత ఫిజిక్సు నాకు ఏ తరగతిలోనూ రాలేదు. ఒకనాడు పాత పోస్టుకార్డు నా చేతికిచ్చి, అంచు పట్టుకుని అడ్డంగా నిలబెట్టమన్నాడు. కార్డు వంగిపోయింది. మధ్యలో నిలువునా ఒక మడత పెట్టి మళ్ళీ పట్టుకోమన్నాడు. ఈసారి వంగలేదు, పైన అగ్గిపెట్టె పెట్టినా ఆగింది. "బీరువ తలుపు మీద గా గీతలు సోకుకు అనుకున్నవా? రేకు పలుచగుంటది. మడత పెడితె నిలబడ్తది" అన్నాడు. రేకు మందాన్ని గేజుల్లో చెబుతారు. అంకె పెరిగితే మందం తగ్గుతుంది. 20 గేజు రేకు ఇంచుమించు 0.9 మిల్లీమీటర్లు ఉంటే, 22 గేజు 0.7 మిల్లీమీటర్లు. ఆ చిన్న తేడాలో కిలోల ఇనుము మిగులుతుంది, బీరువా ధర తగ్గుతుంది, ఒక గుమాస్తా కొనగలుగుతాడు. ఆ మిగులును మడతతో సాధించడమే తన పని అని చెప్పేవాడు. అంచును లోపలికి తిప్పి మడిచేది కూడా అందుకే. మడిచిన అంచు బలంగా ఉంటుంది, పిల్లల చేయి కోయదు. రెండు పనులకు ఒకటే మడత.

ఫ్రిజ్ తలుపు గురించి ఆయన చెప్పిన సంగతి నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. తొలినాటి ఫ్రిజ్‌లకు బయట గొళ్ళెం లాంటి పట్టీ ఉండేది. తలుపు పడితే లోపలినుంచి తీయడం సాధ్యం కాదు. అమెరికాలో పాత ఫ్రిజ్‌లు పెరట్లో పారేస్తే, దాగుడుమూతలాడే పిల్లలు లోపల దూరి, ఊపిరాడక చనిపోయారు. ఒకరిద్దరు కాదు. చివరికి 1956లో అక్కడ చట్టం చేశారు, లోపలినుంచి నెడితే తెరుచుకునే తలుపులే ఉండాలని. అప్పటినుంచి గొళ్ళేలు పోయి, తలుపు చుట్టూ అయస్కాంతపు రబ్బరు పట్టీలు వచ్చాయి. ఇవాళ మన ఇంట్లో ఫ్రిజ్ తలుపు మెత్తగా వచ్చి అతుక్కునేది అందుకే. ఆ రబ్బరు పాతదయిందో లేదో చూసే ఉపాయం కూడా ఆయనే చెప్పాడు. తలుపు సందులో ఒక నోటు పెట్టి మూసి లాగాలి. బిగుసుకుంటే బాగున్నట్టు. జారి వచ్చిందంటే చల్లదనం అక్కడినుంచి పోతున్నట్టు.

"నక్ష గీసెటప్పుడు ఫ్రిజ్ల పాలు, కూరగాయలే కనవడ్తయి. పిల్లగాడు కనవడడు. కనవడని పిల్లగాని కోసం గూడ గీయాలె" అన్నాడు. చెప్పి కాసేపు మాట్లాడలేదు. అప్పటికి అక్కలు పెద్దవాళ్ళయ్యారు. అయినా ఆ ఇంట్లో ఏ పెట్టెకూ గొళ్ళెం ఉన్నట్టు నాకు గుర్తు లేదు.

ఇంతా చేసి, తాను గీసిన నక్ష ఒక్కటి కూడా ఆయన దగ్గర లేదు. కార్ఖానా కాగితం కార్ఖానాదే, ఇంటికి తేవడం నేరం అనేవాడు. నక్ష అడుగున కుడివైపు మూలన ఒక డబ్బా ఉంటుంది. గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు అని మూడు గళ్ళు. మొదటి గడిలో పొడి అక్షరాలు రెండు, అంతే ఆయన సంతకం. ఆ బీరువా కొన్నవారికి అది కనబడదు. రేకు మీద ఉండేది కంపెనీ పేరు. మా అన్నకు ఇది ఎప్పుడూ కోపమే. "మా బాపు లోకమంతటికీ సామాన్లు చేసిండు, మా బాపు పేరు మీద ఒక్క కాగితం లేదు" అనేవాడు. జీతం మీదే ముగ్గురు పిల్లల చదువులు, రెండు పెళ్ళిళ్ళు జరిగాయి. చేతికి మిగిలింది తక్కువ. అన్న మాటలో న్యాయం లేదని నేను అనను. పెద్దబాపు కూడా అనలేదు. విని ఊరుకునేవాడు.

1987లో హుజూరాబాదు వచ్చాక ఆయన ఖాళీగా ఉంటే ఒట్టు. అప్పటికి నేను మన కాలేజీలోనే చదువుతున్నాను. సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని ఊరు తిరిగేవాడు. జేబులో టేపు, చెవి మీద పెన్సిలు. హెన్రీ డ్రేఫస్ అనే అమెరికా డిజైనరు 1955లో ఒక పుస్తకం రాశాడు. అందులో జో, జోసెఫీన్ అని ఒక మగ బొమ్మ, ఒక ఆడ బొమ్మ గీసి, సగటు మనిషి కొలతలన్నీ వాటి మీద గుర్తించాడు. ఏ కుర్చీ చేసినా, ఏ యంత్రం చేసినా ఆ ఇద్దరికీ సరిపోవాలి. పెద్దబాపు ఆ పుస్తకాన్ని మెచ్చుకుంటూనే నవ్వేవాడు. "జోసెఫీన్ చీర కట్టదు గద! సంకల పిల్లను ఎత్తుకోని, నెత్తి మీద గంప పెట్టుకోని బస్సెక్కదు గద!" అనేవాడు. బస్టాండులో నిలబడి ఆడవాళ్ళు బస్సు మెట్టు ఎట్లా ఎక్కుతున్నారో చూసేవాడు. చూస్తే తప్పుగా అనుకుంటారేమోనని పెద్దమ్మను కూడా వెంట తీసుకుని వచ్చేవాడు.

పత్తి ఏరే కాలంలో చేన్ల వెంట తిరిగేవాడు. జమ్మికుంట మార్కెట్టుకు పోయే పత్తి అంతా ఆడవాళ్ళ నడుముకు కట్టిన గుడ్డ సంచిలోంచే కదా పోయేది. ఆ సంచి బరువు నడుము ఒకపక్కకే పడుతున్నదని గమనించి, భుజాల మీదికి రెండు పట్టీలు వేసి ఒక సంచి కుట్టించాడు. ఇద్దరు ముగ్గురు వాడారు. ఒకామె మాత్రం రెండో రోజే తిరిగి ఇచ్చేసింది. "మంచిగనే ఉన్నది గని అయ్యా, పట్టీల కింద చెమట పోస్తున్నది" అన్నది. ఆయన చిన్నబుచ్చుకోలేదు. ఆమె చెప్పింది పుస్తకంలో రాసుకున్నాడు. పట్టీలు మార్చి చూశాడు. అదీ పూర్తిగా నెగ్గలేదు. వాడే మనిషి వద్దంటే వాదించకూడదన్నది ఆయన పద్ధతి.

ఆయన అన్నిటికంటె మెచ్చిన వస్తువు మనందరికీ తెలిసిందే, మనం బోరింగ్ అని పిలిచే ఇండియా మార్క్-2 చేతిపంపు. ఏ బోరింగ్ దగ్గరైనా ఆగి, పైమూత తీసి ఉంటే లోపల నాకు చూపించేవాడు. పాతకాలపు పోత ఇనుము పంపులు ఊరంతా కొట్టుకుంటే నెలలు తిరగక ముందే విరిగేవి. షోలాపూర్‌లో తయారైన ఒక పంపును ఆధారంగా తీసుకుని, 1970లలో భారత ప్రభుత్వం, యూనిసెఫ్, మద్రాసులోని ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కంపెనీ కలిసి ఈ పంపును రూపొందించారు. చేతికర్ర చివర గుండ్రటి వంపు ఉంటుంది, దాని మీదుగా గొలుసు దిగుతుంది. కర్ర ఎటు ఊగినా గొలుసు తిన్నగా నిలువునే లాగుతుంది గనుక లోపలి కడ్డీ పక్కకు ఒరగదు, అరగదు. దానికి పేటెంటు పెట్టలేదు. ఎవరైనా చేసుకోవచ్చు. మన దేశంలోనూ ఆఫ్రికా దేశాల్లోనూ లక్షల సంఖ్యలో పాతారు. "ఇది ఎవరు గీసిండ్రో ఒక్క పేరు చెప్పు, చూస్త" అని నన్ను అడిగేవాడు. నేను చెప్పలేకపోతే ఆయన ముఖంలో ఒక సంతోషం.

నేను ఫిజిక్సు లెక్చరరునయ్యాక, ఒకసారి ఆయనకు ఒక సంగతి చదివి వినిపించాను. భారత ప్రభుత్వం కోరగా చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికా డిజైనర్ దంపతులు మన దేశమంతా తిరిగి, 1958లో ఒక నివేదిక ఇచ్చారు. 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడడానికి అదే పునాది. ఆ నివేదికలో వాళ్ళు ఎక్కువగా మెచ్చుకున్నది మన లోటాను, అంటే చెంబును. ఎంత నీరు పట్టాలి, వంచితే ఎట్లా పోయాలి, నెత్తి మీదనో చంకలోనో ఎట్లా కూర్చోవాలి, ఎట్లా తోమాలి, ఇవన్నీ ఒక్క మనిషి ఆలోచించి చేసినవి కావు, తరతరాల చేతులు దిద్దినవి అన్నారు. పెద్దబాపు విని, "చెంబు ముచ్చట చెప్పనీకి అమెరికాకెళ్ళి రావాల్నా?" అని నవ్వి, మళ్ళీ చదవమన్నాడు. మూడుసార్లు చదివించుకున్నాడు.

ఇంతవరకు చెప్పింది ఆయన ఉద్యోగం, ఊరు. అసలు చెప్పవలసింది ఇంకా ఉంది.

2003 ప్రాంతంలో పెద్దమ్మ చూపు తగ్గడం మొదలైంది. చాలా ఏండ్లుగా షుగర్ ఉన్నది. అది కంటి లోపలి పొరను తినేసింది. హైదరాబాదు తీసుకుపోయి చూపించారు. ఉన్న చూపును కొంతకాలం నిలపగలిగారు గాని, రెండేళ్ళలో వెలుగూ చీకటీ తప్ప మరేమీ తెలియని స్థితి వచ్చింది. యాభై ఏండ్లు తన చేత్తో వండిపెట్టిన మనిషి. మంచం మీద కూర్చుని, ఎవరైనా నీళ్ళు తెచ్చి ఇచ్చేదాకా ఎదురుచూడాల్సి వచ్చింది. మాట్లాడడం తగ్గించేసింది.

అప్పుడు పెద్దబాపుకు డెబ్బై ఆరేండ్లు. ఒకరోజు పొద్దున నేను వెళ్ళేసరికి, కండ్లకు తువ్వాల కట్టుకుని ఇంట్లో తిరుగుతున్నాడు. మోకాలి కింద రెండుచోట్ల గీసుకుపోయింది. పెద్దమ్మకు ఆయన అడుగుల చప్పుడు, కుర్చీ పడిన చప్పుడు వినబడుతున్నాయి. "నేను గుడ్డిదాన్నయిన్నంటె ఒక తీరు, నీకేమైంది? నువ్వెందుకు కొట్టుకుంటున్నవ్?" అని ఏడుస్తూ కోప్పడింది. "ఆగు, ఎక్కడ తాకుతదో చూస్తున్న" అన్నాడు. మూడు రోజులు అట్లాగే తిరిగాడు. ఎక్కడ దెబ్బ తగిలిందో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. మూడో రోజుకు ఇంటినిండా తెల్లని గీతలే.

ఆ గీతలే ఆయన చివరి నక్ష.

వంటింటి డబ్బాలకు రబ్బరు ఉంగరాలు తొడిగాడు. ఉప్పుకు ఒకటి, చక్కెరకు రెండు, కారానికి మూడు. పప్పుల డబ్బాలు ఎత్తుల వారీగా పేర్చాడు. వంటగట్టు అంచు కింద, చేయి జారే చోట, మూడు గాట్లు పెట్టాడు. మొదటి గాటు ఎదురుగా నీళ్ళ బిందె, రెండో గాటు ఎదురుగా పొయ్యి, మూడో గాటు ఎదురుగా గిన్నెలు. పొయ్యి బటను మీద సన్నమంట దగ్గర ఒక చుక్క రాగి అతికించాడు. వెనుక తలుపు నుంచి స్నానాలగదికి నడుము ఎత్తున ఒక తీగ కట్టి, మెట్టు రావడానికి ముందు ఆ తీగకు ఒక చెక్కపూస గుచ్చాడు. ఇంట్లో పరిచిన షాబాదు బండల మీద, మెట్టుకు మూరెడు ముందు ఉలితో అడ్డంగా గీతలు కొట్టాడు. కాలు తాకగానే మెట్టుందని తెలుస్తుంది. జపానులో సెయిచి మియాకే అనే ఆయన అంధుల కోసం కనిపెట్టిన గరుకు పలకలు 1967లో మొదటిసారి అక్కడి ఒకాయామా నగరంలో వేశారని నేను చాలా తర్వాత చదివాను. హైదరాబాదు మెట్రో స్టేషన్లలో అటువంటి పసుపు పలకలను చూసినప్పుడు, నాకు మా పెద్దబాపు ఉలి దెబ్బలు గుర్తుకొచ్చాయి.

గడపల దగ్గర గొడవ వచ్చింది. లోపలి గదుల గడపలు పెద్దమ్మ కాలికి తగులుతున్నాయి. తీసేద్దామన్నాడు. ఇరుగుపొరుగు వాళ్ళు అపశకునమన్నారు. చుట్టాలు ఫోన్లు చేశారు. పెద్దమ్మకే ఎక్కువ బాధ. "పసుపు రాసి బొట్టు పెట్టిన గడపను కోస్తవా?" అన్నది. ఆయన ఆమె మాటను తీసిపారేయలేదు. లోపలి రెండు గడపలు తీయడానికి ఆమెను ఒప్పించాడు. వాకిలి గడపను మాత్రం ముట్టుకోలేదు. దానికి రెండువైపులా ఏటవాలుగా చెక్కలు వేసి, పక్కన గోడకు పట్టుకునే కడ్డీ బిగించాడు. శుక్రవారం నాడు పెద్దమ్మ ఆ కడ్డీ పట్టుకుని వంగి, చేత్తో తడుముతూ తానే గడపకు పసుపు రాసింది. రెండు నెలల తరువాత మొదటిసారి ఆమె తన చేత్తో చేసిన పని అది.

ఒక్క నెలలో అన్నీ కుదిరాయని అనుకోకండి. పొయ్యి దగ్గర ఒకసారి చేయి కాలింది. రబ్బరు ఉంగరాలు జిడ్డుకు జారిపోతే తీసేసి తీగ చుట్టాడు. ఏడాది పట్టింది. ఏడాది తర్వాత నేను వెళ్ళినప్పుడు పెద్దమ్మ లేచి, నడిచి వెళ్ళి, చాయ పెట్టి తెచ్చి ఇచ్చింది. ఆయన కుర్చీలోంచి కదలలేదు. ఆమె అడుగులు మాత్రం లెక్కపెడుతున్నట్టు ఆయన పెదాలు కదులుతున్నాయి.

2011లో పెద్దబాపు పోయాడు. పదకొండోనాడు పిల్లలందరూ కూర్చుని మాట్లాడుకున్నారు. చూపులేని తల్లిని ఒక్కదాన్నే ఎట్లా ఉంచుతాం, హైదరాబాదు తీసుకుపోదాం, ఇల్లు అమ్మేద్దాం అన్నారు. వాళ్ళ భయం సహజమే. అందరూ మంచివాళ్ళే. పెద్దమ్మ అంతా విని ఒక్కటే మాట అన్నది. "గాడికొస్తె నేను గుడ్డిదాన్ని. గీ ఇంట్ల నాకు కండ్లున్నయి."

ఎవరూ మాట్లాడలేకపోయారు. తండ్రి పేరు మీద ఒక్క కాగితం లేదని కోప్పడిన మా అన్న లేచి వంటింట్లోకి వెళ్ళాడు. చాలాసేపటికి బయటికి వచ్చాడు. ఇల్లు అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు. పగలు తోడుకు ఒక మనిషిని పెట్టారు. వారానికి ఒకసారి ఎవరో ఒకరు వచ్చి చూసి పోయేవారు. పెద్దమ్మ మరి ఏడు సంవత్సరాలు ఆ ఇంట్లోనే, ఆ గాట్లు తడుముకుంటూ, తన అన్నం తాను వండుకుని బతికింది. 2018లో నిద్రలో వెళ్ళిపోయింది.

ఆల్విన్ ఫ్రిజ్ ఒకటి ఆ ఇంట్లో చివరిదాకా ఉండేది. పాతసామాన్ల వాడికి వేసేముందు మా అన్న స్క్రూడ్రైవరు పట్టుకుని దాని తలుపు ఊడదీశాడు. అయస్కాంతపు తలుపే గదా, ఎందుకని పాతసామాన్ల వాడు అడిగాడు. "మా బాపు చెప్పిండు" అన్నాడు అన్న.

ఇండస్ట్రియల్ డిజైన్ చదవాలనుకునే విద్యార్థులు ఇప్పుడు మన హుజూరాబాదులో కూడా ఉన్నారని విన్నాను. సంతోషం. అహ్మదాబాదులో చదవండి, బొంబాయి ఐ.ఐ.టి.లో 1969 నుంచి ఉన్న డిజైన్ కేంద్రంలో చదవండి. కంప్యూటరు మీద గీయడం నేర్చుకోండి. మా పెద్దబాపు చూసి ఉంటే ఆ తెర ముందునుంచి లేచేవాడు కాదు. కాకపోతే మొదలుపెట్టే ముందు ఒక్క వారం రోజులు మీ ఇంట్లోనే మీ అమ్మ ఎన్నిసార్లు వంగుతున్నదో, నాయనమ్మ ఏ మెట్టు దగ్గర ఆగుతున్నదో చూడండి. సాయంత్రం పూట ఎవరికి ఏ దెబ్బ తగిలిందో అడగండి. మా పెద్దబాపు చదువు అక్కడే మొదలైంది, అక్కడే పూర్తయింది.

ఆ ఇంట్లో ఇప్పుడు ఒక చిన్న కుటుంబం కిరాయికి ఉంటున్నది. చిన్న పిల్లవాడున్నాడు. మొన్న దసరాకు వెళ్ళినప్పుడు ఆ పిల్లవాడి తల్లి నన్ను ఒక మాట అడిగింది. "అన్నా, వంటగట్టు కింద గీ గాట్లు ఎందుకున్నయి? ఇల్లు కట్టినప్పుడే పడ్డయా?" అని. చెప్పాను. ఆమె విని, ఒక చేయి గట్టు కింద పెట్టి, కండ్లు మూసుకుని, మొదటి గాటు నుంచి మూడో గాటు దాకా నడిచింది.